స్ట్రాకు కట్టిన శాంపిల్

ఒక లౌడ్‌స్పీకర్, దాని మీద నిలబెట్టిన కాగితపు కప్పు, ఆ కప్పుకు అతికించిన కూల్‌డ్రింకు స్ట్రా. స్ట్రా అడుగున, పెద్ద విద్యుదయస్కాంతం రెండు ధ్రువాల మధ్య, చిటికెడు శాంపిల్. అమెరికాలో ఎంఐటీ వారి లింకన్ ప్రయోగశాలలో సైమన్ ఫోనర్ తయారుచేసిన వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటరు (వీఎస్ఎం) రూపం ఇది. 1956లో చిన్న లేఖగా, 1959లో పూర్తి వ్యాసంగా దాన్ని లోకానికి చెప్పాడు. ఆ వ్యాసంలోని బొమ్మలో భాగాల పేర్లు కూడా ఇవే: లౌడ్‌స్పీకర్, కప్పు, స్ట్రా.

అంతకుముందు శాంపిల్‌ని తక్కెడకు వేలాడదీసి, అయస్కాంతం దాన్ని ఎంత బలంగా లాగుతోందో తూచేవారు. ఫోనర్ దాన్ని ఊపాడు. లౌడ్‌స్పీకర్ కంపిస్తే స్ట్రాతో పాటు శాంపిల్ కంపిస్తుంది, దాని అయస్కాంత క్షేత్రమూ కదులుతుంది, పక్కనున్న తీగచుట్టల్లో సన్నటి వోల్టేజి పుడుతుంది. ఇది ఫారడే సూత్రమే. వోల్టేజి ఎంతో తెలిస్తే శాంపిల్‌లోని అయస్కాంతత్వం ఎంతో తెలుస్తుంది. కానీ అది దేని నుంచి వచ్చిందో ఈ యంత్రం చెప్పదు, చెప్పలేదు. జింక్ ఆక్సైడు కథంతా ఇక్కడే చిక్కుపడింది.

2000లో టొమాష్ డీట్ల్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక లెక్క ప్రచురించింది. అయస్కాంతత్వం ఉన్న సెమీకండక్టర్లలో అప్పటికి పేరున్న గాలియం మాంగనీస్ ఆర్సెనైడు సుమారు మైనస్ 163 డిగ్రీలు దాటితే ఆ గుణం పోగొట్టుకునేది. జింక్ ఆక్సైడులో 5 శాతం మాంగనీసు కలిపి, హోల్స్ (ఎలక్ట్రాన్ లేని చోట్లు) దండిగా నింపగలిగితే మామూలు గది వేడిలోనూ అయస్కాంతంగా ఉండొచ్చని ఆ లెక్క చెప్పింది. ఎలక్ట్రాన్ ఆవేశాన్నీ స్పిన్‌నూ ఒకే చిప్‌లో వాడుకోవాలన్నది స్పింట్రానిక్స్ ఆశ. చవకైన, పారదర్శకమైన పదార్థంలో అది దొరుకుతుందంటే ఎవరు ఊరుకుంటారు? అయితే జింక్ ఆక్సైడు స్వతహాగా ఎలక్ట్రాన్లు మిగిలి ఉండే పదార్థం. అందులో హోల్స్ నింపడమే మహా కష్టం. ఆ షరతును చాలామంది పక్కన పెట్టేశారనిపిస్తుంది నాకు.

2003లో స్టాక్‌హోమ్‌లో పరమానంద్ శర్మ, కె.వి.రావు తదితరులు మాంగనీసు కలిపిన జింక్ ఆక్సైడులో గది ఉష్ణోగ్రతకు పైన కూడా ఫెర్రో అయస్కాంతత్వం చూశామని 'నేచర్ మెటీరియల్స్'లో రాశారు. 700 డిగ్రీలు దాటించి కాలిస్తే ఆ గుణం మాయమైందని కూడా వాళ్లే రాశారు. మరుసటి ఏడాది మేరీలాండ్‌లో కుందాలియా, ఓగలే బృందం అదే పదార్థాన్ని పరీక్షించి, అయస్కాంతత్వం జింక్ ఆక్సైడుది కాదు, తక్కువ వేడిలో అంచుల దగ్గర ఏర్పడే మాంగనీస్-జింక్ ఆక్సైడు దశది అని తేల్చింది. అయస్కాంతత్వం ఉందని చెప్పుకున్న హాఫ్నియం ఆక్సైడు పొరల సంగతి ఇంకా చిత్రం. 2005లో ఐబీఎం వాళ్లు చూస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు పట్టకారుతో పట్టుకున్న ముక్కల్లోనే అయస్కాంతత్వం కనిపించింది.

పట్టకారు గీత అంత పని చేస్తుందా? అంతర్వేది ఒడ్డున ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు మీసంలా అంటుకొస్తాయి. వాటిలో గట్టిగా అతుక్కునేది మాగ్నటైట్. గ్రాము మాగ్నటైట్ అయస్కాంతత్వం సుమారు 92 ఇ.ఎం.యు. డోపింగ్ చేసిన, అంటే మాంగనీసు లాంటిది కలిపిన జింక్ ఆక్సైడు నానోపొడికి చాలా వ్యాసాల్లో కనిపించేది గ్రాముకు 0.01 చుట్టుపక్కల. అంటే గ్రాము పొడిలో మిల్లీగ్రాములో పదోవంతు అంతర్వేది నలుపు కలిస్తే చాలు, యంత్రం అంతే సంఖ్య చూపిస్తుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు అంత కొంచెం కనపడదు, మలినం ఒక శాతం దాకా ఉంటే తప్ప దానికి ఆనవాలు చిక్కడం కష్టం. "వేరే దశ ఏదీ కనపడలేదు" అని వ్యాసంలో రాసే వాక్యం నిజమే అయినా, దానితో రుజువయ్యేది కొంచెమే.

అలాగని అంతా మురికేనని తోసిపారేయడమూ తప్పే. 2006లో బెంగళూరులో సుందరేశన్, సి.ఎన్.ఆర్.రావు బృందం, ఏ లోహమూ కలపని జింక్ ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడు వంటి వాటి నానో కణాల్లో కూడా గది వేడిలో బలహీనమైన ఫెర్రో అయస్కాంతత్వం చూసింది. పెద్ద స్ఫటికాల్లో అది లేదు. కణం చిన్నదయ్యే కొద్దీ లోపల ఉండే పరమాణువులు తగ్గి, ఉపరితలంలో ఉండేవి పెరుగుతాయి. ఆ ఉపరితలంలో ఆక్సిజన్ ఊడిపోయిన ఖాళీల దగ్గర చిక్కుకున్న ఎలక్ట్రాన్ల స్పిన్‌లే కారణమని వారి వివరణ. మరి మాంగనీసు వేసినప్పుడు కనిపించేదాంట్లో మాంగనీసు వాటా ఎంత, ఈ ఖాళీల వాటా ఎంత?

జింక్ నైట్రేటు, కాస్టిక్ సోడా, స్టిర్రరు, కొలిమి ఉంటే ఈ పొడి తయారవుతుంది కాబట్టి మన విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో ఇది ఇష్టమైన పరిశోధనాంశం. శాంపిల్‌ను మద్రాసు ఐఐటీలోని సైఫ్ లాంటి పరికరాల కేంద్రానికి పంపితే వీఎస్ఎం గ్రాఫు వస్తుంది. అమలాపురం నుంచో రాజోలు నుంచో కొత్తపేట నుంచో వచ్చి ఆ పని చేస్తున్న పిల్లలకు నేను చెప్పేదొక్కటే. మాంగనీసు వేయకుండా, అదే గిన్నెలో, అదే కొలిమిలో, అదే చేతులతో చేసిన ఖాళీ శాంపిల్‌ని కూడా పంపండి. స్టీలు గరిటె బదులు ప్లాస్టిక్‌ది వాడండి. రెండు గ్రాఫులనూ ఒకే పేజీలో అచ్చువేయండి.