మండుటెండలో మంచురాళ్లు

నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మూడో తరగతి చదివే వాళ్లమ్మాయికి బళ్లో వాతావరణ పదాల చార్టు ఇచ్చారట. ఎండ, వాన, మబ్బు, మెరుపు, పొగమంచు... వరసగా బొమ్మలు. ‘వడగళ్లు’ అన్న చోట మాత్రం స్వెటరూ ఉన్ని టోపీ వేసుకున్న పిల్లాడున్నాడు. “మనకి రాళ్లవాన ఎండాకాలంలో కదా పడింది! చలికాలంలో ఎందుకు పడలేదు?” అని ఆ పాప అడిగింది. “ఏం చెప్పమంటారు?” అని తల్లి నన్ను అడిగారు.

మిగతా మాటలన్నీ పక్కన పెట్టి ఈ నెల ఈ ఒక్క ప్రశ్న వెంట పడుతున్నాను. ఎందుకంటే ఇది అరిస్టాటిల్‌ని కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్న.

ఆయనకంటే ముందు, క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో, అనక్సాగొరస్ అనే గ్రీకు పండితుడు దీనికి జవాబు చెప్పాడు. పైకి పోయేకొద్దీ చలి, వేసవి వేడి మబ్బుల్ని ఇంకా పైకి నెడుతుంది, అక్కడ నీరు గడ్డకడుతుంది, అందుకే వేడి కాలంలో వడగళ్లు అన్నాడు. చేతిలో థర్మామీటరు లేని మనిషి ఇంత దగ్గరికి రావడం చూస్తే ముచ్చటేస్తుంది. అరిస్టాటిల్ దాన్ని కొట్టిపారేశాడు. అదే నిజమైతే వడగళ్లు ఎత్తయిన కొండల మీదే ఎక్కువగా పడాలి కదా అని ఆయన వాదన. చుట్టూ ఉన్న వేడి మబ్బులోని చలిని లోపలికి బిగించి గడ్డకట్టిస్తుందని తన సిద్ధాంతం చెప్పాడు. పేరు పెద్దది కాబట్టి శతాబ్దాల తరబడి ఆ మాటే చెల్లింది. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా వంతు వచ్చేసరికి, విద్యుత్తు నిండిన రెండు మబ్బు పొరల మధ్య రాళ్లు ఎగిరెగిరి పడుతూ పెరుగుతాయన్నాడు. ఎవరి చేతిలో ఉన్న పనిముట్టు వాళ్లకి ఆకాశంలోనూ కనిపిస్తుంది మరి.

అసలు సంగతికి వద్దాం. మన దగ్గర ఎండాకాలంలోనైనా సుమారు 5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే సున్నా డిగ్రీలే. క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బు తల 12, 15 కిలోమీటర్ల దాకా పోతుంది. అంటే చలి మన నెత్తి మీద ఏడాది పొడుగునా ఉంది. లేనిదల్లా నీటిని అంత పైకి తీసుకుపోయేవాళ్లు. ఆ పని కాలిన నేల చేస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండకి నేల వేడెక్కి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. అందులో బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ ఉండి, పైన చల్లటి పొడిగాలి ఉంటే ఆ లేవడానికి పట్టపగ్గాలుండవు. చలికాలంలో నేలకి ఆ ఊపు లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. సున్నా దాటగానే నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. మబ్బులోని సన్నటి తుంపర అలా చేయదు. గడ్డకట్టడానికి దానికి ఆసరాగా ఓ ధూళి రేణువో మంచు పలుకో కావాలి. అవి దొరక్కపోతే మైనస్ 10, మైనస్ 20, ఒక్కోసారి మైనస్ 38 డిగ్రీల దాకా కూడా నీరుగానే ఉండిపోతుంది. దీన్ని అతిశీతల నీరు అంటారు. 1721లో దీన్ని గమనించినవాడు థర్మామీటర్ల ఫారెన్‌హీటే. గాజుబుడ్డిలో సున్నా కంటే చల్లబడినా కదలక మెదలక ఉన్న నీళ్లలో చిన్న మంచుముక్క వేస్తే, చూస్తుండగానే మంచు పరుచుకుంది.

మబ్బులో అలాంటి తుంపరలు కోట్లకు కోట్లు కాచుకుని ఉంటాయి. వాటి మధ్యకి ఓ చిన్న మంచు పలుకు వచ్చిందా, తగిలిన ప్రతి తుంపరా దానికి అంటుకుని గడ్డకడుతుంది. 4 సెంటీమీటర్ల వడగల్లు బరువు 30 గ్రాములుంటుందనుకుని లెక్క కట్టాను: మిల్లీమీటరులో యాభయ్యో వంతు తుంపరలు సుమారు 700 కోట్లు కలిస్తే ఆ ఒక్క రాయి. దాన్ని పడిపోకుండా మోసే గాలి ఎంత జోరుగా ఉండాలి? 5 సెంటీమీటర్ల రాయి కిందికి జారే వేగం గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. పైకి లేచే గాలి అంతకు తక్కువైతే రాయి అక్కడ నిలవదు. 2010లో అమెరికాలోని వివియన్ అనే ఊళ్లో పడిన వడగల్లు 20 సెంటీమీటర్ల వెడల్పుంది.

రాయిని కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలుంటాయి. ఒకటి తెల్లగా, ఒకటి అద్దంలా. రాయి పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగిందో అన్ని పొరలని చాలాకాలం చెప్పారు, కొన్ని పుస్తకాలు ఇప్పటికీ చెబుతున్నాయి. అంత తిరుగుడు అక్కర్లేదు. గడ్డకట్టేటప్పుడు నీరు వేడిని బయటికి వదులుతుంది. (మంచు కడుతుంటే వేడి పుట్టడమేమిటని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి.) తుంపర పల్చగా ఉన్నచోట ఆ వేడి వెంటనే చెదిరిపోయి, నీరు తగిలీ తగలగానే బిగుసుకుంటుంది. గాలి బుడగలు లోపలే చిక్కి పొర తెల్లగా కనిపిస్తుంది. తుంపర దట్టంగా తగిలినచోట వేడి పోయే వ్యవధి ఉండదు, రాయి ఒళ్లంతా కాసేపు తడిగానే ఉంటుంది, ఈలోగా బుడగలు తప్పించుకుంటాయి. అది అద్దంలాంటి పొర. ఒక్క ప్రయాణంలోనే రాయి రెండు రకాల చోట్లకీ వెళ్లొచ్చు. అమెరికాలోని కొలరాడోలో పడిన ఒక వడగళ్ల వానను పరిశీలించి, పెద్ద రాళ్లు చాలావరకు పైకి లేచే గాలిని అడ్డంగా ఒక్కసారి దాటుతూనే పెరుగుతాయని బ్రౌనింగ్, ఫుట్ అనే శాస్త్రవేత్తలు 1976లో చూపించారు.

మరి వానాకాలంలో అంత మబ్బు పట్టినా రాళ్లెందుకు పడవు? నైరుతి మబ్బుల్లో గాలి అంత ఉధృతంగా లేవదు. పుట్టిన కాసిని చిన్న రాళ్లూ తేమతో నిండిన వెచ్చటి గాలిలో దిగుతూ దారిలోనే కరిగి చినుకులవుతాయి. అదే ఎండాకాలంలోనైతే చూడండి: 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లతో నేలంతా తెల్లబడి కశ్మీర్‌లా ఉందని అందరూ ఫోటోలు పంపుకున్నారు. కశ్మీర్ మంచు వేరు. అది ఆవిరి నుంచి నేరుగా పలుకులు కట్టి మెల్లగా రాలేది.

వడగళ్లను ఆపే ఉపాయం లేదా అంటారు. 1896లో ఆస్ట్రియాలో ఆల్బర్ట్ స్టీగర్ అనే ద్రాక్షతోటల ఆసామి ఆకాశంలోకి ఫిరంగులు పేల్చాడు. ఇటలీ రైతులు వేల సంఖ్యలో అవే కొన్నారు, చివరికి ప్రభుత్వం పరీక్షలు పెట్టి పనికిరావని తేల్చింది. అయినా ఆ యంత్రాలు ఇవాళ్టికీ అమ్ముడుపోతున్నాయి, హిమాచల్ ఆపిల్ తోటల దాకా వచ్చాయి. అక్కడ నిజంగా పంటను కాపాడేది చెట్ల మీద కప్పే వలలు. మన మామిడితోటలకి వలలు కప్పేదెవరు? రాడార్ చూసి రాబోయే మూడు గంటల సంగతి చెప్పే హెచ్చరికలు మాత్రం వాతావరణ శాఖ ఇస్తోంది. యాసంగి వడ్లు కల్లంలో ఆరబోసిన రైతుకి ఆ మూడు గంటలు చాలు, కప్పడానికి చాలినన్ని టార్పాలిన్లు ఉంటే. ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లో వాటి కొరత గురించి పేపర్లలో చదువుతూనే ఉన్నాం.