మీకు తెలుసా? గుండెకు పరీక్ష, కిడ్నీకి పరీక్షే

"యాంజియో చేయించమన్నారు. డై ఎక్కిస్తే కిడ్నీలు పోతాయంటగా?" గుండె డాక్టరు గది బయట బెంచీల మీద తరచూ వినపడే మాట ఇది. ఈ భయంలో నిజం కొంతే, అతి చాలా ఉంది. ఏది ఎంతో తేల్చే సంగతులు కొన్ని ఇక్కడ.

ఐదో వంతు రక్తం వాటిదే

రెండు కిడ్నీలూ కలిపి తూస్తే సుమారు 300 గ్రాములు. ఒంటి బరువులో అర శాతం. అయినా గుండె నిమిషానికి పంపే ఐదు లీటర్ల రక్తంలో దాదాపు లీటరు వాటికే వెళ్తుంది. అవి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నర మాత్రం మూత్రంగా వదిలి, మిగతాది వెనక్కి తీసుకుంటాయి. యాంజియోలో గుండె నాళాల్లోకి పంపిన డై బయటికి పోవలసిన దారీ ఇదే. కిడ్నీలు బాగుంటే ఒక్క రోజులో దాదాపు అంతా పోతుంది. చిక్కల్లా కిడ్నీ లోపలి పొరతోనే. దానికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ చాలీచాలనట్టు అందుతుంది. డై వల్ల అక్కడి సన్నని నాళాలు బిగుసుకుంటే ముందు దెబ్బతినేది ఆ పొరే.

మూత్రనాళపు గొట్టం గుండెదాకా వెళ్ళింది

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె ఆస్పత్రిలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే కుర్ర డాక్టరు తన మోచేతి నరంలోంచి ఒక గొట్టాన్ని గుండె కుడి గదిదాకా తోసుకున్నాడు. గొట్టం లోపలుండగానే ఎక్స్-రే గదికి నడిచివెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. ఆ గొట్టం గుండె కోసం చేసింది కాదు, కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళంలోకి పంపడానికి వాడేది. 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ప్రకటించేనాటికి ఆయన మూత్రవ్యాధుల డాక్టరుగా పనిచేసుకుంటున్నాడు.

డై పుట్టిందే కిడ్నీల కోసం

1920లలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో సిఫిలిస్ రోగులకు సోడియం అయొడైడ్ ఇచ్చేవారు. ఆ మందు పడినవారి మూత్రం ఎక్స్-రేలో తెల్లగా కనపడుతోందని అక్కడి డాక్టర్లు 1923లో రాశారు. అయొడిన్ ఎక్స్-రే కిరణాలను బాగా అడ్డుకుంటుంది మరి. తర్వాత 1929లో బెర్లిన్‌లో మోజెస్ స్విక్ యూరోసెలెక్టాన్ అనే అయొడిన్ మందును నరంలోకి ఎక్కించి కిడ్నీలు, మూత్రనాళాలు స్పష్టంగా కనపడే ఫొటోలు తీశాడు. నేడు యాంజియోలో వాడే డై ఆ వంశంలోదే.

పొరపాటున దొరికిన యాంజియోగ్రామ్

గుండె సొంత రక్తనాళంలోకి నేరుగా డై వదిలితే మనిషి బతకడని 1950లలో డాక్టర్లు నమ్మేవారు. 1958 అక్టోబర్ 30న క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక యువకుడి కవాటాన్ని పరీక్షిస్తుండగా గొట్టం జారి కుడి కరోనరీ నాళంలో దూరింది. డై అందులోకే పోయింది. కొన్ని క్షణాలు గుండె ఆగింది. గట్టిగా దగ్గమంటే రోగి దగ్గాడు, గుండె మళ్ళీ కొట్టుకుంది. కరోనరీ యాంజియోగ్రామ్ అలా మొదలైంది.

సముద్రంలో మండిన కళ్ళు

పాత డైల గాఢత రక్తంకంటే ఐదారు రెట్లు ఎక్కువ. ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి నీరు ఊరినట్టు, అవి రక్తకణాల్లోని నీటిని బయటికి లాగేవి. నొప్పి, మంట, కిడ్నీలకు దెబ్బ అందుకే. స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్‌కు ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్ళలో ఈదితే కళ్ళు మండేవి కావు. పడమటి తీరంలో ఈదితే మండేవి. డై సంగతీ ఇంతేనా అని ఆయన ఆలోచించాడు. నీళ్ళలో విడిపోని అణువులతో డై తయారుచేయవచ్చని 1960ల చివర్లో ప్రతిపాదించాడు. నార్వే కంపెనీ ఒకటి దాన్ని నిజం చేసింది. ఇప్పటి డైల గాఢత రక్తానికి రెండు మూడు రెట్లకు మించదు. అయొడిక్సనాల్ అనే రకానిది రక్తంతో సమానం.

ఒకే 1.2, రెండు రకాల కిడ్నీలు

రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 1.2 అని ఉంటే "నార్మలే" అని ఊరుకుంటాం. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రంతో లెక్క కడితే, అదే 1.2 ఉన్న పాతికేళ్ళ మగవాడికి కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, 86 దగ్గర వస్తుంది. 70 ఏళ్ళ ఆమెకు 49 దగ్గరే. అందుకే యాంజియోకు ముందు డాక్టరు చూసేది ఈజీఎఫ్ఆర్. అది 30 కంటే తగ్గినవారికి ముప్పు ఎక్కువ. దానికి షుగర్, గుండె బలహీనత, రక్తహీనత, ముసలితనం తోడైతే ఇంకా పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్, బీపీ లేనివారికీ కిడ్నీ జబ్బు వస్తోంది కాబట్టి, "నాకు షుగర్ లేదుగా" అన్న ధీమా అక్కడివారికి అసలే పనికిరాదు.

మర్నాటి రిపోర్టు చాలదు

డై వల్ల కిడ్నీ దెబ్బతింటే క్రియాటినిన్ వెంటనే పెరగదు. ఒకటి రెండు రోజుల్లో మొదలై, మూడు నుంచి ఐదు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. చాలామందికి వారం పది రోజుల్లో దిగివస్తుంది. ముప్పున్నవారు డిశ్చార్జి రోజు రిపోర్టు చూసి తృప్తిపడకుండా 48 నుంచి 72 గంటల మధ్య మరోసారి పరీక్ష చేయించుకోవాలి.

డై లేకపోయినా మారే క్రియాటినిన్

2008లో న్యూయార్క్ పరిశోధకులు డై అసలు తీసుకోని 32,161 మంది రోగుల రిపోర్టులు తిరగేశారు. సగంకంటే ఎక్కువమందిలో క్రియాటినిన్ 25 శాతమో అంతకుమించో అటూ ఇటూ మారింది. బీపీ పడిపోవడం, ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మందులు కారణాలు కావచ్చు. వీటి నిందంతా ఏళ్ళ తరబడి డై మోసింది.

గెలిచి ఓడిన మందు

కఫాన్ని పలచబరిచే ఎసిటైల్‌సిస్టీన్ కిడ్నీలను కాపాడుతుందని 2000లో బెర్లిన్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. 83 మందిలో మందు వేసుకున్నవారికి 2 శాతం, వేసుకోనివారికి 21 శాతం దెబ్బ. ప్రపంచమంతా ఆ మాత్ర వాడింది. 2011లో బ్రెజిల్‌లో 2,308 మంది మీద పరీక్షిస్తే రెండు వర్గాల్లోనూ 12.7 శాతమే. 2018లో దాదాపు ఐదు వేల మందితో జరిగిన ప్రిజర్వ్ పరిశోధన ఎసిటైల్‌సిస్టీన్‌కూ, మామూలు సెలైన్ బదులు ఎక్కించే సోడియం బైకార్బొనేట్‌కూ అదనపు లాభం లేదని తేల్చేసింది. చిన్న పరిశోధన ఇచ్చిన ఆశను పెద్ద పరిశోధన నిలబెట్టాలి. ఈ మందు విషయంలో నిలబెట్టలేదు.

సెలైన్ మేలే, అందరికీ కాదు

మూత్రం ఎక్కువగా వస్తే డై త్వరగా కొట్టుకుపోతుందని ఒకప్పుడు ఫ్యూరోసెమైడ్ ఇచ్చేవారు. 1994లో 78 మందిని పరీక్షిస్తే సెలైన్ ఒక్కటే ఎక్కించినవారిలో 11 శాతానికి, దానికి ఫ్యూరోసెమైడ్ జోడించినవారిలో 40 శాతానికి కిడ్నీ దెబ్బతింది. ఒంట్లో నీరు తగ్గడమే ముప్పు అన్నమాట. ఎంత సెలైన్ అన్నదానికి 2014లో పొసైడాన్ పరిశోధన ఒక దారి చూపింది. గుండె గదిలోని ఒత్తిడిని కొలిచి దాన్నిబట్టి సెలైన్ ఎక్కిస్తే కిడ్నీ దెబ్బ 16.3 శాతం నుంచి 6.7 శాతానికి తగ్గింది. 2017లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ డాక్టర్లు ఈజీఎఫ్ఆర్ 30 నుంచి 59 మధ్య ఉన్న 660 మందిని రెండు వర్గాలు చేశారు. సెలైన్ ఎక్కించినవారిలో 2.7 శాతం, ఎక్కించనివారిలో 2.6 శాతం కిడ్నీ దెబ్బ. పైగా సెలైన్ వర్గంలో 5.5 శాతానికి దానివల్లే ఇబ్బందులు వచ్చాయి. గుండె నీరసంగా ఉన్నవాడికి ఎక్కువ ద్రవం ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

చుక్క డై లేకుండా స్టెంట్

తిరుగులేని రక్షణ డై తగ్గించడమే. రక్తనాళం లోపలికే సన్నని అల్ట్రాసౌండ్ ప్రోబ్ పంపే ఐవస్ పద్ధతితో బ్రెజిల్‌లో 2014లో స్టెంట్లు వేస్తే, డై మధ్యస్థంగా 64.5 మిల్లీలీటర్ల నుంచి 20కి దిగింది. 2016లో న్యూయార్క్ డాక్టర్లు ముందుగా అతి తక్కువ డైతో యాంజియో చేసి, కిడ్నీ తేరుకున్నాక, అసలు డై లేకుండానే 31 మంది తీవ్ర కిడ్నీ రోగులకు స్టెంట్లు వేశారు. ఎవరికీ డయాలసిస్ అవసరం రాలేదు.

చెయ్యా, తొడా?

తొడ దగ్గర నుంచి వెళ్ళే గొట్టం కిడ్నీ నాళాల ముందునుంచే పైకి పోతుంది. దారిలో కొవ్వు రేణువులు రాలి కిడ్నీలో చిక్కుకునే అవకాశముంది. మణికట్టు దారిలో ఆ బెడద తక్కువ, రక్తస్రావమూ తక్కువ. 2017లో వెలువడిన మ్యాట్రిక్స్ పరిశోధన ఫలితాల్లో కిడ్నీ దెబ్బ మణికట్టు దారిలో 15.4 శాతం, తొడ దారిలో 17.4 శాతం.

రొయ్యలు పడవా? డై పడొచ్చు

రొయ్యలు, పీతలు పడనివారికి అయొడిన్ ఉన్న డై కూడా పడదన్నది అపోహ. రొయ్యల ఎలర్జీకి ముఖ్య కారణం వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అయొడిన్‌కు అందులో పాత్ర లేదు. ఇంతకుముందు డై ఎక్కించినప్పుడే దద్దుర్లో, ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పాలి.

ఎంఆర్ఐలోనూ జాగ్రత్తే

గుండె ఎంఆర్ఐకి వాడే డైలో అయొడిన్ ఉండదు, గాడోలినియం ఉంటుంది. కొన్ని పాత రకాల గాడోలినియం వల్ల తీవ్ర కిడ్నీ రోగుల చర్మం బిగుసుకుపోయే జబ్బు వస్తోందని 2006లో ఆస్ట్రియా నుంచి హెచ్చరిక వచ్చాక వాటి వాడకం తగ్గింది. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకోకు ఈ గొడవ ఉండదు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు అరువు తెచ్చిన యంత్రంతో మొదటి ఎకో తీశారు. మామూలు ఎకోకు డై వద్దు, ఎక్స్-రే వద్దు.

స్టెంట్ ఎప్పుడూ తొందరేనా?

కిడ్నీ జబ్బు ముదిరి, గుండె నాళాల్లో అడ్డంకులున్నా నిలకడగా ఉన్న 777 మందితో జరిగిన ఇస్కీమియా-సీకేడీ పరిశోధన 2020లో వెలువడింది. మూడేళ్ళకు మరణం లేదా గుండెపోటు, ముందే యాంజియో చేసినవారిలో 36.4 శాతం, మందులతో మొదలుపెట్టినవారిలో 36.7 శాతం. తేడా లేదు. అసలు గుండెపోటు వచ్చినప్పుడు లెక్క వేరు. అప్పుడు మూసుకున్న నాళం తెరవడమే ముఖ్యం, క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆగకూడదు. గుండె ఓడితే కిడ్నీకి రక్తం పంపేదెవరు?

వెళ్ళేముందు

ముందే తేదీ ఇచ్చిన యాంజియో అయితే మీ ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. వాడే మందులన్నీ చెప్పండి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మానాలా, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో కనుక్కోండి. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు, కిడ్నీ నీరసిస్తే ఒంట్లో పేరుకుపోతుంది, అంతే. నీళ్ళు ఎంత తాగాలో మీ గుండె సంగతి తెలిసిన డాక్టరే చెప్పాలి. డై భయంతో అవసరమైన యాంజియోను వాయిదా వేయకండి. క్రియాటినిన్ చూసుకోకుండా వెళ్ళనూ వద్దు.