సప్తపదిలో వ్రతము, సుఖము

దైవశ్రద్ధ దాంపత్యసుఖమునకు హేతువగునా యను ప్రశ్నకు సప్తపదీమంత్రములయందే సమాధానసూచన గలదు. ఆంధ్రదేశమున బహుళముగా అనుష్ఠింపబడు ఆపస్తంబ సంప్రదాయమున మొదటి అడుగు అన్నమునకు, రెండవది బలమునకు, మూడవది వ్రతమునకు, నాల్గవది సుఖమునకు, ఐదవది పశువులకు, ఆరవది ఋతువులకు, ఏడవది సప్తహోత్రలకు విహితములు. నాల్గవదానియందలి 'మాయోభవ' శబ్దమునకు మాయతో సంబంధము లేదు. 'మయస్' అనునది వైదికనిఘంటువున సుఖనామములలో పఠింపబడినది.

ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రములలో మూడవ అడుగు ధనపుష్టికి చెప్పబడినది. నాల్గవది మాత్రము అన్నిటను సుఖమే. ఆపస్తంబీయులు ధనమున్న స్థానమున వ్రతమును నిలిపిరి.

పాఠక్రమమాత్రముచే కార్యకారణభావము సిద్ధింపదనుట యుక్తమే. ఐనను ఆపస్తంబధర్మసూత్రము దంపతులకు విభాగము లేదనియు, పాణిగ్రహణము మొదలుకొని కర్మలందును, పుణ్యఫలములందును, ద్రవ్యపరిగ్రహమునందును వారికి సహత్వమే యనియు విధించుచున్నది. జైమిని ఆరవ అధ్యాయము మొదటి పాదమున, పురుషునకే యాగాధికారమను ఐతిశాయనమతమును నిరాకరించి స్త్రీకిని అధికారమును స్థాపించెను. పాణిని (4.1.33) 'పత్నీ' శబ్దమును యజ్ఞసంబంధముననే సాధించెను. కావున ఇచట వ్రతమనగా ఇరువురును కలిసి పూనునదే.

నిత్యపూజలు జరుగు గృహములందును కలహములు కానవచ్చుచున్నవి గదా యని ఆక్షేపము. భర్త నియమము పూనగా దాని శ్రమయంతయు భార్యపై బడుచోట వ్రతమున్నను సహత్వము లేదు. అట్టి శ్రద్ధ ఒకరికి పుణ్యమని తోచినను వేరొకరికి భారమగును. దోషము శ్రద్ధది కాదు, దానిని ఏకపక్షముగా నడపుటది.

స్మృతులలో స్త్రీకి అస్వాతంత్ర్యమును చెప్పు వచనములును గలవు. వానిని దాచుట న్యాయము కాదు. కాని ఆ మనుస్మృతియే (3.60) భార్యవలన భర్తయు, భర్తవలన భార్యయు తృప్తులైన కులముననే శుభము స్థిరమని చెప్పినది. మరియు ఏడవ అడుగు పిదప మంత్రము వధువును సంబోధించునది 'సఖా' యనియే, దాసి యని కాదు. శ్రుతిస్మృతులకు విరోధము తోచినపుడు శ్రుతియే బలీయసి యనుట మీమాంసకసమ్మతము.

సఖ్యము లేని వ్రతము సుఖమును చేర్పజాలదు. వివాహవేదికపై ఈ మంత్రములు ఉచ్చరింపబడుచున్నను వధూవరులకు అర్థము తెలియుట అరుదు. ఆ యేడు పదముల తాత్పర్యమును తెలుగున వారికి వినిపించుట పురోహితులకును, వారిని తీర్చిదిద్దు అధ్యాపకులకును కర్తవ్యము.