రుబీడియం చేతుల మీదుగా

ఎంఆర్ఐ యంత్రానికి ఊపిరితిత్తులంటే చిక్కు. అది ప్రధానంగా చూసేది ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ను. ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండేది గాలి. అందుకే మామూలు చిత్రంలో గుండె, కాలేయం కనిపిస్తాయి, ఊపిరితిత్తులు నల్లటి ఖాళీల్లా మిగిలిపోతాయి. ఆ ఖాళీని చూపించేందుకు జినాన్ వాయువును సిద్ధం చేసి ఇచ్చే యంత్రమే పోలరైజర్.

దాని గుండెకాయ ఒక గాజు పాత్ర. లోపలి గోడకు వెండిపొరలా అంటుకుని ఉంటుంది రుబీడియం. థర్మామీటర్ 103 జ్వరం చూపే వేడికే కరిగే మెత్తటి లోహం. ఇంకా వేడిచేస్తే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిలోకి జినాన్‌ను, కాస్త నైట్రోజన్‌ను పంపి, 795 నానోమీటర్ల లేజర్ వేస్తారు. ఆ కాంతి మెలి తిరుగుతూ వస్తుంది. రుబీడియం అంచున ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్ ఆ మెలిని అందుకుని తన స్పిన్‌ను, అంటే తనలోని బుల్లి అయస్కాంతాన్ని, ఒకే దిక్కుకు తిప్పుకుంటుంది. ఇలా కాంతితో పరమాణువులను తిప్పవచ్చని 1950లో చెప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ కాస్లర్‌కు 1966లో నోబెల్ వచ్చింది.

జినాన్ కేంద్రకాన్ని మాత్రం ఈ కాంతి నేరుగా కదిలించలేదు. రుబీడియం వచ్చి ఒరుసుకున్నప్పుడు, ఆ ఎలక్ట్రాన్ క్షణంలో ఎన్నో వంతు కాలం కేంద్రకం దాకా చొరబడుతుంది. తన స్పిన్‌ను దానికి అప్పగించి తాను తలకిందులవుతుంది. లేజర్ దాన్ని మళ్లీ నిలబెడుతుంది. ఏతం బాన నీళ్లు కుమ్మరించి తిరిగి బావిలోకి దిగినట్టు, మళ్లీ ఒరుసుకోవడం, మళ్లీ అప్పగించడం. ఇలా స్పిన్‌లు ఒకే దిక్కుకు తిరిగిన జినాన్‌ ఎంఆర్ఐ కంటికి బాగా కనిపిస్తుంది.

నాకు ముచ్చటేసేది జినాన్ స్వభావం. ఎవరితోనూ అంత తేలిగ్గా పొత్తు కలవని జడవాయువు అది. నిండిన ఎలక్ట్రాన్ పొరలు కేంద్రకానికి కాపలా కాస్తాయి. అందుకే పుచ్చుకున్నది అంత త్వరగా పోగొట్టుకోదు. అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ద్రవ నైట్రోజన్ చలికి గడ్డకట్టిస్తే స్పిన్‌ను గంటల తరబడి దాచుకుంటుంది.

ఈ అప్పగింతను 1960లో ప్రిన్స్‌టన్‌లో బూషియా, కార్వర్, వార్నమ్ హీలియం-3 మీద చేసి చూపారు. 1994లో ప్రిన్స్‌టన్, స్టోనీ బ్రూక్ శాస్త్రవేత్తలు ఎలుక ఊపిరితిత్తుల్లో జినాన్ నింపి బొమ్మ తీశారు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని మనుషులకు వాడేందుకు అనుమతిచ్చింది.

రోగి సంచిలోని జినాన్ పీల్చి కొన్ని సెకన్లు ఊపిరి బిగపడతాడు. ఆలస్యానికి తావులేదు, ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ ఆ స్పిన్‌ను చకచకా చెరిపేస్తుంది. గాలి చేరిన చోటు వెలుగుతుంది, చేరనిది చీకటి. జినాన్ రక్తంలోనూ కరుగుతుంది, ఎర్రకణాల్లోకి వెళ్లగానే దాని సంకేతం మారుతుంది. కోవిడ్ తర్వాత ఆయాసం తగ్గని కొందరిని ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ పరిశోధకులు ఇలాగే పరీక్షించారు. సీటీ స్కాన్‌లో తేడా కనిపించని వాళ్లలో కూడా, జినాన్ రక్తంలోకి దాటాల్సినంత దాటడం లేదని తేలింది.