సూది లేని రోజు వస్తుందా?

"వదినా! ఇక మన అమ్మాయికి సూదులుండవట. కణాలు ఎక్కిస్తే షుగరు పోతుందట. పేపర్లో పడింది" అని మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఆవాలు మాడిపోయినా నాకు వాసన తెలియలేదు.

మా చిన్నమ్మాయికి పదకొండో ఏట షుగరొచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. "ఇంత చిన్నపిల్లకి షుగరేమిటండీ, స్వీట్లు ఎక్కువ పెట్టారా?" అని అడగనివాళ్లు లేరు. స్వీట్లకీ దీనికీ సంబంధం లేదు. పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చేది టైప్ 2. వాళ్లలో ఇన్సులిన్ ఉంటుంది గానీ ఒంటికి సరిగా పట్టదు. మా అమ్మాయిది టైప్ 1. రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను శత్రువులనుకుని చంపేస్తుంది. అందుకే రోజుకి నాలుగు ఇంజెక్షన్లు.

నిజం చెప్పాలంటే నాకు సూదంటే భయం లేదు. రాత్రంటేనే భయం. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే పిల్ల చెమటతో తడిసి ముద్దయి ఉంది. పిలిస్తే పలకలేదు. షుగరు 38కి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లి గ్లూకోజు ఎక్కిస్తే గానీ కళ్లు తెరవలేదు. ఇలా చాలాసార్లు పడిపోతుంటే కొందరికి వణుకు, చెమట లాంటి ముందస్తు గుర్తులే తెలియకుండా పోతాయట. మా అమ్మాయికీ అదే మొదలైంది.

అందుకే ఆ పేపరు ముక్క కత్తిరించి, అమ్మాయిని వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

క్లోమంలో చిన్న చిన్న దీవులు

ఇంటర్ బైపీసీలో మార్కుల కోసం బట్టీపట్టిన 'లాంగర్‌హాన్స్ పుటికలు' ఇన్నేళ్లకు నా ఇంటి విషయమయ్యాయి! 1869లో జర్మనీలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి క్లోమంలో దీవుల్లా ఉన్న ఈ కణాల గుంపులను చూశాడు. ఒక్కొక్కటి రవ్వ పలుకు కన్నా చిన్నది. క్లోమంలో ఇవి సుమారు 10 లక్షలున్నా, అన్నీ కలిపి దాని బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. మిగతా క్లోమమంతా అన్నం అరగడానికి రసాలు తయారుచేస్తుంది. ఈ పుటికల్లోని బీటా కణాలే ఇన్సులిన్ ఇస్తాయి.

మరి చచ్చిపోయిన ఆ కణాల స్థానంలో కొత్తవి పెడితే? ఈ చికిత్సకు మూలం ఆ ఆలోచనే.

బ్రెయిన్ డెడ్ అయిన మనిషి క్లోమాన్ని బంధువులు దానం చేస్తే, దాన్ని ఎంజైముతో కరిగించి, బియ్యంలో రాళ్లేరినంత ఓపికగా పుటికలను వేరుచేస్తారు. తర్వాత రోగి పొట్ట పక్కనుంచి సన్నని గొట్టం పెట్టి, పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పెద్ద సిరలోకి వాటిని వదులుతారు. పొట్ట కోయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ పుటికలు కాలేయంలో కాపురం పెట్టి, షుగరును బట్టి ఇన్సులిన్ ఇస్తాయి. క్లోమంలో ఉండాల్సినవి కాలేయంలో ఎలా బతుకుతాయా అని నాకూ ఆశ్చర్యమేసింది.

ఎన్నో ఏళ్లు ఈ చికిత్సకు మంచి ఫలితాలు రాలేదు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేయగలిగారు. ప్రపంచమంతా సంబరపడింది. కానీ అదే పద్ధతిని పలు దేశాల్లో 36 మందికి చేసి 2006లో లెక్కచెబితే, ఏడాదికి సూది అక్కర్లేనివాళ్లు 16 మందే. రెండేళ్లకు మిగిలింది ఐదుగురు. సూది మళ్లీ మొదలైనా, కణాలు కొంత పనిచేస్తున్నవాళ్లకు షుగరు ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం తగ్గింది. నాలాంటి తల్లికి అదీ చిన్న విషయం కాదు.

అసలు మెలిక ఇక్కడే

ఇంతవరకు విని "మాకూ చేయించండి డాక్టరుగారూ" అన్నాను. ఆయన నవ్వి "మందుల సంగతి కూడా వినండమ్మా" అన్నారు.

పరాయి మనిషి కణాలను ఒళ్లు ఊరికే ఉండనివ్వదు. పైగా సొంత కణాలనే చంపుకున్న ఒళ్లాయె! అందుకని రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు, ఆ కణాలు పనిచేసినన్నాళ్లూ రోజూ వేసుకోవాలి. వాటివల్ల ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి, నోటిపూత రావచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పూ పెరుగుతుంది. రేపు పెళ్లయి బిడ్డను కనాలనుకుంటే కొన్ని మందులు ముందే మార్చుకోవాలి. పైగా దాతల కొరత. ఒక్కొక్కరికి తరచు ఇద్దరు దాతల క్లోమాలు కావాలి.

అందుకే సూది అంటే విసుగున్న ప్రతివారికీ ఇది చేయరు. ఎంత జాగ్రత్తగా ఉన్నా షుగరు ప్రమాదకరంగా పడిపోయేవాళ్లకే ముఖ్యంగా ఆలోచిస్తారు. 2023 జూన్‌లో అమెరికా ఆమోదించిన 'లాంటిడ్రా' అనే కణాల చికిత్స కూడా అలాంటి పెద్దవాళ్లకే. దాన్ని పరీక్షించిన 30 మందిలో 21 మంది ఏడాది, ఆపైన ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. ఐదుగురు ఒక్కరోజు కూడా మానలేకపోయారు.

కొత్త దారులు

దాతల కోసం ఎదురుచూడకుండా మూలకణాల నుంచి ప్రయోగశాలలోనే పుటికలు పెంచుతున్నారు. 2025లో వెలువడ్డ ఫలితాల్లో, పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకపోయింది. వాళ్లూ ఆ మాత్రలు వేసుకోవాల్సిందే. అదే ఏడాది స్వీడన్‌లో, ఒంటి రక్షణ వ్యవస్థ కంట పడకుండా జన్యువులు మార్చిన కణాలను ఒకాయన చేతి కండరంలో పెట్టారు. ఆ మాత్రలు లేకుండానే కణాలు బతికి ఇన్సులిన్ ఇచ్చాయి. అయితే పెట్టింది కొద్దిపాటి కణాలే కాబట్టి ఆయన ఇన్సులిన్ మానలేదు. అయినా మాత్రలు లేని దారి ఒకటి ఉందని తెలిసింది.

అంతవరకూ మనం

ఒక తప్పు ఒప్పుకోవాలి. అమ్మాయికి పదమూడేళ్లప్పుడు ఒకాయన చూర్ణమిచ్చి "సూది మానేయండి" అంటే నమ్మి మానిపించాను. రెండోరోజుకే వాంతులు, ఆయాసం. మూడురోజులు ఐసీయూలో ఉంది. టైప్ 1 వాళ్లకు ఇన్సులిన్ మందు మాత్రమే కాదు, ప్రాణం. ఏ కొత్తవార్త చూసినా, ఎవరేం చెప్పినా, డాక్టరు చెప్పకుండా సూది మాత్రం ఆపకండి.

షుగరు తగ్గిన గుర్తులు కనబడితే (వణుకు, చెమట, ఆకలి, తికమక) వెంటనే పరీక్ష చేయండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి పరుగెత్తండి.

ఆ రోజు ఇంటికొస్తూ ఆటోలో "ఏమంటావే?" అని అడిగాను. "సూది మానేసి మాత్రలు మొదలెట్టడమేగా అమ్మా! మాత్రలు కూడా లేనిది వచ్చాక చేయించుకుంటాలే. అందాకా సూది నాకలవాటే" అంది.

దానికి అలవాటే. నేనే ఇంకా అలవాటు పడలేదు. రాత్రి రెండు గంటలకి అలారం పెట్టుకుని లేచి, దాని నుదురు తడిమి చూస్తాను. చల్లగా, పొడిగా ఉంటే మళ్లీ పడుకుంటాను.