ఇఫ్తార్ పళ్లెంలో నూనె తగ్గిద్దాం

రంజాన్ నెలలో అసర్ నమాజు ముగిసిందంటే చాలు, హైదరాబాద్ పాతబస్తీ మొదలు కర్నూలు, కడప, గుంటూరు వీధుల దాకా నూనె మూకుళ్లు పొయ్యి మీదికెక్కుతాయి. ఉల్లి పకోడీలు, మిర్చి బజ్జీలు, సమోసాలు, లుఖ్మీలు... ఇవి లేనిదే దస్తర్‌ఖాన్ నిండినట్టు మనకు అనిపించదు. అయితే పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు మనం ఏం పెడుతున్నామో ఒక్కసారి ఆలోచించాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖర్జూరాలతో, అవి లేనప్పుడు మంచినీటితో ఉపవాసం విరమించేవారు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మిగిలినది ఊపిరికి వదలాలని బోధించారు. మరి మనం? ఖర్జూరం నోట్లో వేసుకున్నామో లేదో, పకోడీల మీద పడుతున్నాం. తరావీహ్‌లో నిలబడేసరికి కడుపు బరువు, దాహం, కునికిపాట్లు! ఆకలిని అదుపులో పెట్టుకోవడం నేర్పే నెలలో మనం నేర్చుకున్నది ఇదేనా?

గ్రాము పిండిపదార్థం 4 కిలో కేలరీల శక్తినిస్తే, గ్రాము నూనె 9 ఇస్తుంది. పైగా కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడుకోవచ్చు గాని, మళ్లీ వేపుళ్లకు వాడవద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది.

అలాగని రుచి మానుకోనక్కర లేదు. పద్ధతి మార్చుకుంటే చాలు.

గుంత పెనం పకోడీ: కప్పు శనగపిండిలో సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, వాము, ఉప్పు వేసి గట్టిగా కలపాలి. గుంతపొంగణాల పెనంలో ఒక్కో గుంతకు నాలుగైదు చుక్కల నూనె వేసి, పిండి పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద రెండు వైపులా కాల్చాలి.

దహీబడే: నాలుగు గంటలు నానిన మినపప్పును గట్టిగా రుబ్బి, అదే పెనంలో వడలుగా కాల్చి, గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచాలి. నీరు పిండేసి, చిలికిన పెరుగులో వేసి, జీలకర్ర పొడి చల్లాలి.

శనగలు: రాత్రి నానబెట్టిన శనగలను ఉడికించి, ఒక్క చెంచా నూనెతో జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టి, ఉల్లి ముక్కలు, నిమ్మరసం కలపాలి.

సమోసా కావాలంటే పైన పలుచగా నూనె రాసి, ఓవెన్‌లో 180 డిగ్రీల వేడిలో ఎర్రబడే దాకా కాల్చుకోవచ్చు.

మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు ఉపవాసం గురించీ, మందుల వేళల గురించీ ముందుగానే వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇంకో మాట. ఇఫ్తార్‌కు ముందు ఘడియలు దుఆకు ఎంతో విలువైనవి. ఆ ఘడియల్లో మన ఇంటి స్త్రీలు ఎక్కడ ఉంటున్నారు? తామూ రోజాతోనే ఉండి, కాగే నూనె ముందు చెమటలు కక్కుతున్నారు. శనగలు, దహీబడే ముందే సిద్ధం చేసుకోవచ్చు. మూకుడు దించితే మన అమ్మలు, అక్కచెల్లెళ్లు కూడా మనతోపాటు కూర్చుని చేతులెత్తి ప్రార్థించగలుగుతారు. మన ఆరోగ్యం కోసం కాకపోయినా, వారి హక్కు కోసమైనా ఈ రంజాన్‌లో ఆ పని చేద్దాం.