ఫోర్క్‌లిఫ్ట్: ఎత్తే శక్తి, ఒరిగే అపాయం

1906లో అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ అల్టూనాలో సామాను తరలించడానికి బ్యాటరీతో నడిచే బండ్లను ప్రవేశపెట్టగా, 1917లో మిషిగన్ రాష్ట్రపు బుకానన్‌లో క్లార్క్ సంస్థ తన ఇరుసుల కర్మాగారం అవసరాల కోసం ఇంజనుతో నడిచే మరో బండిని తయారుచేసుకుంది. 1923లో యేల్ సంస్థ ఫోర్కులను, అంటే సరుకు కింద దూర్చే ఇనుప కొమ్ములను, అవి పైకీ కిందికీ కదిలే నిలువు చట్రమైన మాస్ట్‌ను ఒకే బండిపై అమర్చడంతో ఫోర్క్‌లిఫ్ట్‌కు నేటి రూపం ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్యాలెట్లు, అంటే సరుకును పేర్చి ఎత్తడానికి వీలైన చెక్క బల్లలు, సైనిక సరఫరాలో విరివిగా వాడుకలోకి రావడంతో ఈ యంత్రం గోదాముల్లో స్థిరపడింది. సరుకు ఎక్కే ఎత్తుతో పాటే పనివారికి అపాయమూ పెరిగింది.

ఆ అపాయానికి మూలం యంత్ర నిర్మాణంలోనే ఉంది. ముందు ఇరుసు ఆధారంగా, ముందున్న సరుకును వెనుకనున్న బరువైన ఇనుప దిమ్మె త్రాసులోని పడికట్టు రాయిలా సరితూస్తుంది. వెనుక ఇరుసును నడుమ ఒక్క కీలు మీద ఊగేలా అమరుస్తారు కనుక, నాలుగు చక్రాలున్నా బండి నిలిచేది రెండు ముందు చక్రాలు, ఆ కీలు కలిసి ఏర్పరచే స్థిరత్వ త్రికోణం మీదనే. బండి, సరుకుల ఉమ్మడి గురుత్వకేంద్రం, అంటే మొత్తం బరువు కూడినట్టు భావించే బిందువు, ఈ హద్దుల్లో ఉన్నంతవరకే నిలకడ ఉంటుంది. సరుకును పైకెత్తి ఉంచి మలుపు తిప్పినా, వాలుపై అడ్డంగా నడిపినా బండి పక్కకు ఒరిగిపోవచ్చు. ఖాళీ బండిలో ఆ కేంద్రం త్రికోణం సన్నబడే వెనుక భాగానికి జరుగుతుంది కాబట్టి, సరుకు లేకుండా వేగంగా మలుపు తిరగడమూ ప్రమాదకరమే.

అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే నియోష్ సంస్థ లెక్కల ప్రకారం 1980 నుంచి 1994 వరకు ఆ దేశంలో 1,021 మంది కార్మికులు ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాల్లో మరణించగా, వాటిలో 22 శాతం మరణాలకు బండి బోల్తా పడటం, 20 శాతానికి నడుస్తున్నవారిని బండి ఢీకొనడం కారణాలయ్యాయి. బండి ఒరుగుతుంటే దూకాలనిపించడం సహజమే గాని, పైనుంచి పడే సరుకు నుంచి కాపాడే ఓవర్‌హెడ్ గార్డే అప్పుడు దూకినవారిని నలిపేస్తుంది; అందుకే కూర్చుని నడిపే బండిలో సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగును గట్టిగా పట్టుకుని, ఒరిగే దిశకు ఎదురుగా వాలి లోపలే ఉండాలని నేర్పుతారు.

1998లో అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ ఓషా తెచ్చిన నియమం డ్రైవర్లకు శిక్షణను, కనీసం మూడేళ్లకొకసారి పనితీరు పరిశీలనను తప్పనిసరి చేసింది. అయితే ఎత్తైన సరుకు ముందున్న దారిని కనిపించకుండా కప్పివేయడం, వెనుక చక్రాలతో మలుపు తిరిగేటప్పుడు బండి వెనుక భాగం బయటికి ఊగడం వంటివి డ్రైవరు జాగ్రత్త ఒక్కదానితో తీరేవి కావు. నడకదారిని బండ్ల దారి నుంచి కంచెతో వేరుచేయడం, చూపు అందని మలుపుల్లో అద్దాలు అమర్చడం, వేగానికి పురిగొల్పే పని లక్ష్యాలను సడలించడం యాజమాన్యం చేయవలసిన పనులు. డ్రైవరును తప్పుపట్టడంతో ముగిసే విచారణ, మనిషీ యంత్రమూ ఒకే ఇరుకు దారిలో తిరగక తప్పని ఏర్పాటును తర్వాతి ప్రమాదం కోసం అలాగే వదిలేస్తుంది.